ఉపసంహారం

కురుక్షేత్రం ముగిసిపోయిన తర్వాతి కథ గుర్తుందా మీకు? నిద్రలో వున్న ఉపపాండవుల్ని చంపి పారిపోయిన అశ్వత్థామని పాండవులు తరుముకుంటూ వెడతారు. ఇక తప్పించుకునే దారి లేదని తెలిశాక అతను ఓ గడ్డిపరక తీసి, మంత్రించి, బ్రహ్మశిరోస్త్రంగా వదిలేస్తాడు. దానికి జవాబుగా అర్జునుడూ అస్త్రం వేస్తాడు. రెండూ ఢీకొంటే లోకం మిగలదని వ్యాసుడూ నారదుడూ మధ్యలో వచ్చి నిలబడి, అస్త్రాలు వెనక్కి తీసుకోమంటారు. అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. చేతకాదు. వెయ్యడం వచ్చు గాని ఉపసంహరించడం రాదు. చివరికి ఆ అస్త్రం వెళ్ళి ఎవరిమీద పడింది? ఏ పాపం ఎరగని ఉత్తర కడుపులో వున్న పసిగుడ్డుమీద!

ఈ కథ విన్నప్పుడల్లా మనం అశ్వత్థామని నాలుగు తిట్టి వూరుకుంటాం. అసలు కీలకం ఎక్కడుందో చూడండి. అస్త్రవిద్యలో సగం వెయ్యడం, సగం ఆపడం. ఆ రెండో సగం రానివాడి చేతిలో అస్త్రం వుంటే శత్రువుల మాట దేవుడెరుగు, ముందు ఇంటివాళ్ళకే ప్రమాదం.

మన ఒంట్లోనూ అలాంటి సైన్యం ఒకటి వుంది. రోగనిరోధక శక్తి అంటున్నామే, అదే. రక్తంలో తిరిగే తెల్లకణాలు దాని సైనికులు. క్రిములొస్తే ఎదిరిస్తాయనీ, జ్వరం వచ్చి తగ్గడంలో వాటి చెయ్యి వుందనీ మనందరికీ తెలుసు. కాని ఆ సైనికుల ఒంటిమీదే "ఇక చాలు, ఆగు" అనే మాట వినే చెవులు కూడా వున్నాయని వైద్యశాస్త్రం తెలుసుకున్నది నిన్న మొన్ననే. 1796లో జెన్నర్ మశూచికి టీకా వేసిన దగ్గర్నుంచి లెక్క వేసుకుంటే, వెయ్యడం నేర్చుకున్న రెండు వందల ఏళ్ళకిగాని ఆపడం గురించి తెలియలేదన్నమాట. ఎందుకంత ఆలస్యం? జరిగిన యుద్ధం అందరికీ కనబడుతుంది. జరక్కుండా ఆగిపోయిన యుద్ధం ఎవరికి కనబడుతుంది చెప్పండి?

* * *

అలాగని ఎవరికీ అనుమానం రాలేదని కాదు. 1900 ప్రాంతాల్లో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే మహానుభావుడు మేకలతో ఒక ప్రయోగం చేశాడు. ఒక మేకకి ఇంకో మేక రక్తం ఎక్కిస్తే ఆ రక్తానికి విరుగుడు తయారుచేసుకుంది. దాని రక్తం దానికే ఎక్కిస్తే మాత్రం కిమ్మనలేదు. అంటే, తనకి తానే విషం పెట్టుకోవడమంటే శరీరానికి హడలు అన్నాడాయన. ఆ హడలుకి లాటిన్‌లో "హారర్ ఆటోటాక్సికస్" అని భారీగా ఓ పేరు కూడా పెట్టాడు. అలా జరక్కుండా లోపల ఏదో ఏర్పాటు వుండి తీరాలన్నాడు. అదేమిటో చూపించడానికి ఆనాడు పనిముట్లు లేవు. 1908లో ఎర్లిక్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఏర్పాటు సంగతి మాత్రం అటకెక్కింది.

అప్పటికే అమెరికాలో ఇంకో డాక్టరు సైన్యాన్ని ఆపడం కాదు, రెచ్చగొట్టడం మొదలుపెట్టాడు. ఆయన పేరు విలియం కోలీ, న్యూయార్క్‌లో సర్జను. 1890లో ఆయన దగ్గరికి బెస్సీ డాషియెల్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి వచ్చింది. రైలు ప్రయాణంలో చేతికి చిన్న దెబ్బ తగిలిందట. తీరా చూస్తే అది ఎముకని పట్టుకున్న కేన్సర్. చెయ్యి తీసేసినా లాభం లేకపోయింది. 1891 జనవరిలో ఆ పిల్ల పోయింది. కోలీకప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ చావు ఆయన్ని నిద్రపోనివ్వలేదు. ఆస్పత్రి పాత కాగితాలన్నీ తిరగేస్తే ఒక విచిత్రం కనబడింది. మెడమీద అలాంటి గడ్డే వున్న ఒక రోగికి మధ్యలో చర్మానికి సెగలాంటి క్రిమిజ్వరం వచ్చింది. జ్వరంతోపాటు గడ్డా కరిగిపోయింది! ఆ మనిషిని వెతికి పట్టుకుని చూశాడు. ఏళ్ళు గడిచినా బాగానే వున్నాడు.

అక్కణ్ణించి కోలీ కేన్సర్ రోగులకి కావాలని క్రిములు ఎక్కించాడు. తర్వాత చంపిన క్రిముల్తో మందు తయారుచేశాడు. కొందరికి గడ్డలు కరిగాయి, చాలామందికి కరగలేదు. ఎవరికి పనిచేస్తుందో, ఎందుకు చేస్తుందో ఆయన చెప్పలేకపోయాడు. ఈలోగా ఎక్స్‌రే కిరణాల వైద్యం వచ్చింది. 1936లో కోలీ చనిపోయేనాటికి ఆయన మందుని పట్టించుకునే నాథుడే లేడు. పట్టించుకున్నది కూతురు. హెలెన్ కోలీ నాట్స్ డాక్టరీ చదువుకోలేదు. తండ్రి జీవితచరిత్ర రాద్దామని వుత్తరాలూ కాగితాలూ ముందేసుకు కూర్చుంది. ఒక్కొక్క రోగి కథా వెతికి, సుమారు వెయ్యిమంది వివరాలు పోగుచేసింది. ఆ రంగంలో పరిశోధనకోసం 1953లో ఒక సంస్థనే నిలబెట్టింది. అది ఈనాటికీ పనిచేస్తోంది. తండ్రికి మగపిల్లలే పేరు నిలబెట్టాలని ఎవరైనా అంటే ఈవిడ పేరు చెప్పండి.

కోలీ వైద్యంలో లోటెక్కడుందో ఈనాడు మనకి తెలుసు. ఆయన గుర్రాన్ని కొరడాతో అదిలించాడు. దాని కళ్ళెం ఎవరి చేతిలో వుందో ఆయనకి తెలియదు. తెలిసే రోజులూ కావవి.

* * *

ఇక ఆ కళ్ళెం సంగతికి వద్దాం. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అనే కుర్ర శాస్త్రవేత్త, గుండెకి కాస్త పైన వుండే థైమస్ అనే గ్రంథిని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లోంచి తీసేసి చూశాడు. అంతవరకూ ఆ గ్రంథి ఎందుకూ పనికిరానిదని అందరి నమ్మకం. అది లేని ఎలుకలు రోగాలకి తట్టుకోలేకపోయాయి. ఒక జాతి తెల్లకణాలు తర్ఫీదయ్యేది అక్కడే. థైమస్ పేరుమీద వాటిని టీ-కణాలన్నారు. మన సైన్యంలో అతిరథులు ఇవే.

మరి ఇంత బలమున్న కణం దారినపోయే ప్రతిదానిమీదా విరుచుకుపడితే ఎలా? అందుకని దానికి బేంకు లాకరు పద్ధతి వుంది. మన తాళంచెవి ఒక్కటే పెడితే లాకరు తెరుచుకోదు కదా. బేంకు గుమాస్తా తన తాళంచెవి కూడా పెట్టి తిప్పాలి. టీ-కణమూ అంతే. ఎదటి కణంమీద పరాయి గుర్తు కనబడటం మొదటి తాళంచెవి. అది చాలదు. కాపలా కాసే కణం తనమీద బీ7 అనే ఇంకో అణువుని నిలబెట్టి చూపించాలి. దాన్ని టీ-కణం సీడీ28 అనే గ్రాహకంతో పట్టుకోవాలి. గ్రాహకమంటే కణం పైపొరలో గుచ్చుకుని, సగం బయటికీ సగం లోపలికీ వుండే అణువు. బయటి మాట లోపలికి చేరవేస్తుంది. కణానికి చెవి అనుకోండి. రెండు చెవులకీ రెండు మాటలూ వినబడితేనే టీ-కణం లేస్తుంది, వేలాదిగా పెరుగుతుంది, యుద్ధానికి వెడుతుంది.

ఇదంతా మొదలుపెట్టడం సంగతి. ఆపేదెవరు? 1980ల దాకా చాలామంది శాస్త్రవేత్తల జవాబు ఏమిటంటే, శత్రువు అయిపోతే సైన్యం దానంతటదే చల్లారుతుందని! పొయ్యిమీద పాలు వాటంతటవే పొంగకుండా ఆగుతాయన్నట్టు వుంది కదూ?

* * *

1987లో ఫ్రాన్స్‌లోని మార్సేలో పియర్ గోల్‌స్టీన్ బృందం టీ-కణాల్లో పనిచేసే జన్యువుల్ని వరసగా ఏరుతూ, నాలుగోదానికి సీటీఎల్ఏ-4 అని పేరు పెట్టింది. పేరంటే పేరు కూడా కాదు, నంబరు. అది ఏం చేస్తుందో వాళ్ళకి తెలియదు. చూడ్డానికి అచ్చు సీడీ28కి తోబుట్టువులా వుంది. 1991లో సియాటిల్‌లో పీటర్ లిన్‌స్లే ఇంకో సంగతి పట్టుకున్నాడు. ఇది కూడా ఆ బీ7 నే పట్టుకుంటుంది, అదీ సీడీ28కన్నా ఎన్నో రెట్లు గట్టిగా. అయితే ఇదీ కణాన్ని లేపేదే అయివుంటుందని చాలామంది అనుకున్నారు. అక్క దీపం వెలిగిస్తే చెల్లెలూ వెలిగిస్తుందని అనుకోవడం సహజమే కదా.

షికాగోలో జెఫ్రీ బ్లూస్టోన్, కాలిఫోర్నియాలో బర్‌క్లీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఆలిసన్, ఆయన శిష్యుడు మాథ్యూ క్రమ్మెల్ మాత్రం కాదన్నారు. అక్క వెలిగిస్తే చెల్లెలు ఆర్పుతోందన్నారు. ఒకే అణువు గురించి ఒకరు ఏక్సిలరేటరనీ, ఇంకొకరు బ్రేకనీ వాదించుకోవడమంటే మాటలా? ఈ తగువు తీర్చింది మనుషులు కాదు, ఎలుకలు. 1995లో బోస్టన్‌లో ఆర్లీన్ షార్ప్ అనే శాస్త్రవేత్త, టొరంటోలో టాక్ మాక్, ఎవరికి వారు సీటీఎల్ఏ-4 జన్యువు లేకుండా ఎలుకల్ని పుట్టించారు. పుట్టినప్పుడు అవి బాగానే వున్నాయి. మూడు నాలుగు వారాలు తిరక్కుండానే చనిపోయాయి. కోసి చూస్తే ఒళ్ళంతా టీ-కణాలే! గుండెలో, క్లోమంలో, ఎక్కడపడితే అక్కడ సొంత సైన్యం చొరబడి సొంత ఇంటినే తగలబెట్టింది. బయటి శత్రువెవరూ రాలేదు. ఆగమనే చెవి లేదు, అంతే.

ఇల్లాలు పుట్టింటికి వెళ్ళిన నాలుగో రోజున ఆ ఇల్లు ఎలా వుంటుందో మనకి తెలియనిదా? ఆవిడ వున్నన్నాళ్ళూ "ఇంట్లో ఏం పని వుంటుంది?" అని అడిగినవాళ్ళకే, అప్పుడు పనంటే ఏమిటో తెలుస్తుంది. ఆపడమనేది కూడా సరిగ్గా అలాంటి పని. వున్నప్పుడు వుందనిపించదు. తీసేస్తే తెలుస్తుంది. శాస్త్రానికి తెలిసింది ఆ విధంగానే.

జపాన్‌లో క్యోటోలో జరిగిన కథా ఇలాంటిదే. 1992లో తసుకు హోంజో ప్రయోగశాలలో ఇషిదా యసుమసా అనే పరిశోధకుడు, కణాలు చనిపోవడానికి కారణమయ్యే జన్యువుకోసం వెతుకుతూ ఒకదాన్ని పట్టుకుని, పీడీ-1 అని పేరు పెట్టాడు. "నియమిత మరణం" అనే ఇంగ్లీషు మాటకి పొడి అక్షరాలవి. తీరా చూస్తే దానికీ ఆ చావుకీ పెద్ద సంబంధం లేదు! ఆ జన్యువు తీసేసిన ఎలుకలు నెలల తరబడి హాయిగానే తిరిగాయి. వయసు మళ్ళాక మాత్రం కొన్నింటికి కీళ్ళు వాచాయి, మూత్రపిండాలు పాడయ్యాయి. 1999లో ఆ సంగతి ప్రకటించారు. అంటే ఇది ఇంకో బ్రేకు. సీటీఎల్ఏ-4 సైన్యం బయల్దేరేటప్పుడే గుమ్మంలో అడ్డం నిలబడే పెద్దావిడ అయితే, పీడీ-1 యుద్ధరంగంలో భుజంమీద చెయ్యేసి "ఇక చాల్లే నాయనా" అనే పెద్దమనిషి. పేరేమో మరణం, పనేమో శాంతి. ఏంచేస్తాం, నామకరణం అయిపోయాక పేరు మార్చడం కష్టం.

ఈ మాట లోపల ఎలా పనిచేస్తుందో కూడా చెప్పుకోవాలి. టీ-కణం మేలుకున్నప్పుడు లోపలి అణువులు ఒకదానికొకటి ఫాస్ఫేట్ అనే చిన్న బిళ్ళ అంటించుకుంటూ కబురు అందజేసుకుంటాయి. బిళ్ళ వున్న అణువు పనిలో వున్నట్టు. ఆగమనే గ్రాహకాల తోక కణం లోపల వేళ్ళాడుతూ వుంటుంది. పీడీ-1కి బయట జోడు దొరకగానే ఆ తోక ఒక పనివాణ్ణి దగ్గరికి పిలుస్తుంది. వాడి పనల్లా ఆ బిళ్ళలు పీకెయ్యడమే. మనం రాత్రి పడుకోబోయే ముందు స్టిక్కరు బొట్టు తీసి అద్దానికి అంటించమూ, అలా! కణం చావదు, పారిపోదు. కాస్సేపు నిద్రపోతుంది. ఇందులో ముఖ్యమైన సంగతి, ఆగడమంటే పని మానెయ్యడం కాదు. ఆపడానికి కూడా ఒక గ్రాహకం కావాలి, ఒక పనివాడు కావాలి, శక్తి ఖర్చుపెట్టాలి. ఓర్పుని చేతకానితనం అనేవాళ్ళకి ఈ కణాన్ని చూపించాలి.

* * *

ఇలాంటి ఆలోచనే స్వీడన్‌లో ఇంకో దారిన వచ్చింది. సహజ హంతక కణాలని ఇంకో జాతి తెల్లకణాలున్నాయి. అవి కొన్ని కేన్సర్ కణాల్ని చంపుతాయి, కొన్నింటిని వదిలేస్తాయి. అవి దేన్ని చూసి చంపుతున్నాయో తెలియక అందరూ తల బద్దలుకొట్టుకుంటూ వుంటే, స్టాక్‌హోమ్‌లో క్లాస్ షారే అనే ఆయన ప్రశ్ననే తిరగేశాడు. దేన్ని చూసి కాదు, ఏది కనబడక చంపుతున్నాయి? మన ప్రతి కణంమీదా దాదాపుగా "నేను ఈ ఇంటిదాన్నే" అని చెప్పే ఒక గుర్తు వుంటుంది. ఆ గుర్తు కనబడితే హంతక కణం చెయ్యి దించుతుంది. కనబడకపోతే కొడుతుంది. 1986లో ఆయన బృందం ఎలుకల్లో ఈ సంగతి చూపించింది. పేరంటంలో వచ్చినవాళ్ళనికాక రానివాళ్ళని లెక్కపెట్టే పెద్దమ్మగారి చూపులాంటిది ఆ చూపు. ఆ గుర్తుని చదివి ఆగే గ్రాహకాన్ని 1992లో అమెరికాలో వేన్ యోకొయామా బృందం బయటపెట్టింది.

ఇప్పుడు ఉత్తర దగ్గరికి వద్దాం. ఎందుకంటే ఈ కణాలు అన్నిటికంటే ఎక్కువగా గుమిగూడే చోటు, గర్భం నిలిచిన కొత్తలో గర్భాశయం గోడ. సైన్యం అక్కడ ఎందుకు?

1953లో ఇంగ్లండులో పీటర్ మెడవర్ అనే శాస్త్రవేత్త ఒక ప్రశ్న వేశాడు. ఒకరి చర్మం తీసి ఇంకొకరికి అతికిస్తే ఒళ్ళు ఒప్పుకోదు, తోసేస్తుంది. మరి కడుపులో బిడ్డ సగం తండ్రి సొత్తు కదా. తల్లి ఒళ్ళు తొమ్మిది నెలలు ఎలా భరిస్తోంది? అమ్మతనం గురించి బండెడు కవిత్వం వుంది గాని, ఈ ప్రశ్న ఏ కవికీ తట్టినట్టు లేదు. దీనికి దొరికిన జవాబుల్లో ఒకటి ఈ ఆగమనే చెవులే. మావిలోంచి తల్లి గర్భాశయంలోకి చొచ్చుకుపోయే బిడ్డ కణాలు, తండ్రి జాడ చెప్పే మామూలు గుర్తుల్లో ముఖ్యమైనవాటిని దాచేస్తాయి. వాటి బదులు హెచ్ఎల్ఏ-జీ అనే ప్రత్యేకమైన గుర్తు పెట్టుకుంటాయి. ఇది 1990లో తెలిసింది. తల్లి తెల్లకణాలమీద వుండే నిగ్రహ గ్రాహకాలు దాన్ని చదివి ఊరుకుంటాయి. ఊరుకోవడమే కాదు, బిడ్డకి రక్తం బాగా అందేలా రక్తనాళాలు వెడల్పు కావడానికి ఈ హంతక కణాలే సాయం చేస్తాయి! కత్తి దించిన చేత్తోనే ఉయ్యాల ఊపినట్టు. 2005లో బోస్టన్ పరిశోధకులు చూలుతో వున్న ఎలుకల్లో పీడీ-1 కి జోడైన అణువుని అడ్డగించి చూస్తే, కడుపులో పిల్లలు నిలవడం తగ్గిపోయింది. అశ్వత్థామ కథలాగే, ఉపసంహారం లేకపోతే దెబ్బ పడేది గర్భంమీదే.

* * *

ఈ బ్రేకు సంగతి ఆడవాళ్ళకి ఇంకో రకంగా కూడా సొంత విషయం. సొంత సైన్యం సొంత ఒంటిమీద పడే జబ్బుల్ని ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. కీళ్ళవాతంలో ఒక రకం, లూపస్, కొన్ని రకాల థైరాయిడ్ జబ్బు ఈ కోవలోవే. ఇలాంటి జబ్బులున్న ప్రతి అయిదుగురిలో సుమారు నలుగురు ఆడవాళ్ళే. లూపస్ అయితే పదిమందిలో తొమ్మిదిమంది. పొద్దున్న లేస్తే వేళ్ళు ముడుచుకోక, కాఫీ గ్లాసు పట్టుకోలేక, "వయసొచ్చింది, అంతేలే" అని సర్దుకుపోయే పిన్నిగారూ అత్తయ్యగారూ మన ప్రతి ఇంట్లోనూ వున్నారు. అది వయసు కాకపోవచ్చు. డాక్టరుకి చూపించుకోవలసిన జబ్బు కావచ్చు.

సీటీఎల్ఏ-4 గట్టిగా పట్టుకుంటుందన్న సంగతి ఈ జబ్బుకే మందు అయింది. ఆ అణువు పైభాగాన్ని కత్తిరించి, ఇంకో అణువు తోక తగిలించి, అబాటసెప్ట్ అనే మందు తయారుచేశారు. అది వెళ్ళి బీ7 మీద మూతలా కూర్చుంటుంది. లాకరుకి రెండో తాళంచెవి అందదు. టీ-కణం లేవదు. 2005 డిసెంబరులో అమెరికాలో కీళ్ళవాతానికి దాన్ని అనుమతించారు. బ్రేకు నొక్కే మందు అన్నమాట.

ఆలిసన్‌కి ఆ బ్రేకునే వదిలించాలన్న ఆలోచన వచ్చింది. ఆయన టెక్సస్‌లో ఆలిస్ అనే చిన్న వూళ్ళో పుట్టాడు. పదేళ్ళు దాటీ దాటకుండానే తల్లి కేన్సర్‌తో పోయింది. తర్వాత అన్నయ్యనీ కేన్సరే తీసుకుపోయింది. కేన్సర్ కణం ఇంటి కణమే, దారి తప్పింది. టీ-కణాలు దాన్ని గుర్తుపట్టినా బ్రేకు పడి ఆగిపోతున్నాయేమో, ఆ బ్రేకుకి అడ్డం పెట్టి చూద్దామనుకున్నాడు. 1994 చివర కేన్సర్ వున్న ఎలుకలమీద మొదటిసారి చేశారు. ఫలితం చూసి కళ్ళు నమ్మలేక, క్రిస్మస్ సెలవుల్లోనే మళ్ళీ చేశారు. మందు ఇచ్చిన ఎలుకల్లో గడ్డలు మొదట పెరిగాయి, తర్వాత ఆగాయి, తర్వాత కరిగాయి.

మందుల కంపెనీలు మాత్రం కరగలేదు. కోలీనాటి అపఖ్యాతి ఇంకా పోలేదు. చివరికి ఒక చిన్న కంపెనీ ముందుకొచ్చింది. మనుషుల్లో కూడా కొందరికి గడ్డలు ముందు వాచి, నెలలు గడిచాక కరిగేవి. త్వరగా ఫలితం చూసేవాళ్ళకి మందు ఓడిపోయినట్టే కనబడేది. అలాంటి ఇంకో మందుని ఒక పెద్ద కంపెనీ 2008లో అందుకే మధ్యలో ఆపేసింది. 2010లో 676 మంది మెలనోమా రోగుల లెక్కలు వచ్చాయి. మెలనోమా అంటే చర్మంలో పుట్టే దుర్మార్గమైన కేన్సర్. ఈ ఇపిలిముమాబ్ మందు తీసుకున్న రోగుల్లో సగంమంది పది నెలలు దాటి బతికారు. తీసుకోనివాళ్ళలో ఆ లెక్క ఆరు నెలల చిల్లర. ఇంతేనా అనిపిస్తుంది. కాని ఏళ్ళు గడిచే కొద్దీ తెలిసింది, సుమారు అయిదుగురిలో ఒకరు మూడేళ్ళు దాటి, ఆ తర్వాత కూడా నిలబడ్డారని. న్యూయార్క్‌లో ఇరవై రెండేళ్ళ అమ్మాయికి, పెళ్ళి దగ్గరపడిన రోజుల్లో, ఈ జబ్బు బయటపడింది. అన్ని మందులూ అయ్యాక ఈ ప్రయోగంలో చేరింది. జబ్బు జాడ లేదన్న రోజున డాక్టరు ఆలిసన్‌ని పిలిచి ఆ అమ్మాయికి చూపించాడు. ఆయన్ని పట్టుకుని ఆమె వదల్లేదట, ఆయనా కళ్ళు తుడుచుకున్నాడట. తర్వాత ఆమె ఇద్దరు బిడ్డల తల్లి అయింది.

2011లో ఈ మందుకి అనుమతి దొరికింది. 2014లో పీడీ-1 ని అడ్డగించే మందులు వచ్చాయి. కొన్ని కేన్సర్ కణాలు పీడీ-1 కి జోడైన అణువుని దొంగ యూనిఫారంలా తొడుక్కుని సైనికుల్ని నిద్రపుచ్చుతాయి. ఈ మందు ఆ యూనిఫారం పనిచెయ్యకుండా చేస్తుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కి 2015లో, తొంభై ఏళ్ళ వయసులో, మెలనోమా మెదడుదాకా పాకింది. మిగతా వైద్యంతోపాటు ఈ మందూ ఇచ్చారు. ఆయన 2024 డిసెంబరు దాకా, నూరేళ్ళు నిండేదాకా బతికాడు. 2018లో ఆలిసన్, హోంజోలకి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆలిసన్ భార్య పద్మనీ శర్మ, దక్షిణ అమెరికాలో గయానాలో స్థిరపడ్డ భారతీయ కుటుంబంలోని ఆడపడుచు. ఆవిడా ఈ రంగంలోనే పేరున్న డాక్టరు, శాస్త్రవేత్త.

మందు గొప్పదే, ధర మాత్రం మనలాంటి సంసారాలు అందుకునేది కాదు. అందుకే ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి డాక్టర్లు చేసిన పని చెప్పుకోవాలి. నోరూ గొంతూ పట్టుకున్న, ముదిరిపోయిన కేన్సర్ వున్నవాళ్ళకి మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ మాత్రమే ఇచ్చి చూశారు. మామూలు మోతాదులో అది పదో వంతు కూడా కాదు. చవక మందులతో కలిపి ఇస్తే, ఏడాది తర్వాత బతికున్నవాళ్ళు నూటికి 16 మంది నుంచి 43 మందికి పెరిగారని 2022లో ప్రకటించారు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగి అంగిట్లో పుండు తెచ్చుకున్న ఆడవాళ్ళున్న దేశం మనది. ఆ 27 మంది తేడా మనకి వట్టి అంకె కాదు.

* * *

అయితే బ్రేకు వదిలించడం ఆటకాదు. ఈ మందులు తీసుకున్నవాళ్ళలో కొందరికి పేగులు వాస్తాయి, ఒళ్ళు దద్దుర్లు లేస్తుంది, థైరాయిడ్ దెబ్బతింటుంది. సైన్యానికి ఇల్లూ శత్రువూ ఒకటైపోతాయి మరి. 2006 మార్చి 13న లండన్‌లో ఇంకా ఘోరం జరిగింది. సీడీ28 అని రెండో తాళంచెవి పట్టుకునే గ్రాహకం చెప్పాను కదా. మొదటి తాళంచెవి అక్కర్లేకుండానే దాన్ని తిప్పేసే ఒక మందుని, ఆరోగ్యంగా వున్న ఆరుగురు కుర్రాళ్ళకి మొదటిసారి ఎక్కించారు. జంతువులకి ఏ హానీ చెయ్యని మోతాదులో అయిదు వందలో వంతే ఇచ్చారు. గంటన్నర తిరిగేసరికి ఒకరి తర్వాత ఒకరు వణుకు, నొప్పులు, జ్వరంతో పడిపోయారు. మర్నాటికి ఆరుగురికీ లోపలి అవయవాలు పనిచెయ్యడం మానేశాయి. నానా యాతనా పడి ఆరుగురూ బతికి బయటపడ్డారు. గుర్రాన్ని ఎవరూ కొట్టలేదు, కళ్ళెం లేకుండా పరిగెత్తించారంతే.

అందుకే ఇప్పుడు డాక్టర్లు ఈ రెండు రకాల మందుల్నీ పక్కపక్కనే పెట్టుకుని కూర్చుంటారు. నొక్కేది కొందరికి, వదిలేది కొందరికి. బ్రేకు మందుతో గుండె మరీ వాచిపోయిన కొందరికి, అబాటసెప్ట్ ఇచ్చి మళ్ళీ నొక్కిన సందర్భాలూ వున్నాయి. తమ పక్క కణాల్ని అదుపులో పెట్టే టీ-కణాలున్నాయని చూపించిన షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకి 2025 నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆపేవాళ్ళకి గుర్తింపు దొరికే రోజులు వచ్చాయన్నమాట.

ఆ రోజులు మన ఇళ్ళలోకి ఎప్పుడొస్తాయో గాని, చూడండి, అన్నదమ్ముల తగువు కోర్టుకెక్కకుండా మధ్యలో ఒక మాటతో ఆపిన వదినగారి పేరు ఏ దస్తావేజులో వుంటుంది? గెలిచిన యుద్ధాలకి కథలున్నాయి, కావ్యాలున్నాయి. తప్పిపోయిన యుద్ధానికి ఒక్క పద్యమైనా లేదు. ఈ రాత్రి మీరు దీపం ఆర్పి పడుకున్నాక కూడా, మీ ఒంట్లో లెక్కలేనన్ని చోట్ల ఒక కణం ఇంకో కణంతో "చాల్లే, ఆగు" అంటూనే వుంటుంది. ఆ మాట మీకు వినబడదు. వినబడకుండా తెల్లవారితే, ఆరోగ్యంగా వున్నామని అనుకుంటాం.